ఆ రెండు మాటలూ అచ్చువేయకండి
ప్రింటింగ్ ప్రెస్‌లకు, ఫ్లెక్సీ షాపులకు, మున్సిపల్ అధికారులకు, అమ్మానాన్నలకు ఒక తెలుగు టీచరు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను గోదావరి జిల్లాల్లో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. ఇరవై రెండేళ్ల సర్వీసు. మా ఊళ్లో కార్డులు, ఫ్లెక్సీలు డిజైన్ చేసే కుర్రాళ్లలో ముగ్గురు నా దగ్గర ఒత్తులు, గుణింతాలు దిద్దుకున్నవాళ్లే. అందుకే ఈ లేఖ ముందుగా మీకు, ఆ తర్వాత అధికారులకు, తల్లిదండ్రులకు.

పోయిన వేసవికి ముందు మా బడి సందు మొదట్లో, బస్సులు ఆగేచోట, ఒక పెద్ద ఫ్లెక్సీ కట్టారు. దాని మీద మా ఏడో తరగతి పిల్ల ఫొటో. పన్నెండేళ్లు. చుట్టూ తండ్రి, బాబాయిలు, మేనమామలు, వార్డు నాయకుడు, ఒక సినిమా హీరో, మొత్తం పద్నాలుగు మంది మగవాళ్ల ఫొటోలు. పైన బంగారు రంగు అక్షరాల్లో ‘పుష్పవతి అలంకరణ మహోత్సవ శుభాకాంక్షలు’. కింద ఆ పిల్ల ఇంటిపేరు, పేరు, చదివే బడి.

నేను ముందు షాపుకి వెళ్లి అడిగాను. ‘మేటర్ వాళ్లిచ్చిందే మేడం, మేం ఏం చేస్తాం’ అన్నారు. ఇంటికి వెళ్తే, మేనమామ స్నేహితులు ప్రేమకొద్దీ కట్టారని, తీసేయమంటే బాధపడతారని చెప్పారు. ఊరి ఆఫీసులో రాతపూర్వకంగా అర్జీ ఇచ్చాను. సోమవారం గ్రీవెన్స్‌లో రెండుసార్లు ఇచ్చాను. రశీదు ఇచ్చారు. పదకొండో రోజున ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, ‘మీ అర్జీ పరిష్కరించబడింది’ అని. ఆ సాయంత్రం బడి వదిలాక వెళ్లి చూస్తే ఫ్లెక్సీ అక్కడే ఉంది. చివరికి ఒక గాలివానకు చిరిగి, సగం కాలవలో పడి, సగం కరెంటు స్తంభానికి వేలాడింది. ఆ వేలాడిన సగంలో పిల్ల ముఖం ఉంది.

ఆ ఆఫీసు పేరు రాయడం లేదు. ఇది ఒక్క ఆఫీసు తప్పు అయితే ఇంత పెద్ద లేఖ అక్కర్లేదు. ఇప్పుడు అసలు విషయాలు ఒక్కొక్కటిగా చెబుతాను.

1. ముందు మాటల సంగతి. ఇది నా పాఠం కాబట్టి కొంచెం ఎక్కువగానే చెబుతాను, ఓపిక పట్టండి.

మన కార్డుల మీద ఎక్కువగా కనిపించేవి రెండు మాటలు, ‘రజస్వల’, ‘పుష్పవతి’. రెండూ సంస్కృతం. అందుకే గౌరవంగా వినిపిస్తాయి. కానీ రజస్వల అంటే రజస్సు గలది, అంటే నెలసరిలో ఉన్న స్త్రీ. అంతకు మించి ఆ మాటకు పండుగ అర్థం ఏమీ లేదు. మహాభారతంలో ఈ మాట ఎక్కడ వస్తుందో మీకు తెలుసు. దుశ్శాసనుడు జుట్టు పట్టి ఈడ్చుకుపోతుంటే ద్రౌపది చెప్పుకుంది, రజస్వలను, ఏకవస్త్రను, ఇలా ఉన్నదాన్ని పెద్దల సభకు తీసుకుపోవద్దని. సభకు రాలేనని ఆడమనిషి చెప్పుకున్న మాట అది. దాన్నే మనం పన్నెండేళ్ల పిల్లను సభలో కూర్చోబెట్టడానికి ఆహ్వానపత్రిక మీద అచ్చువేస్తున్నాం. పాఠం చెప్పేటప్పుడు ఆ ఘట్టం దగ్గర నాకు గొంతు పూడుకుపోతుంది. ఫ్లెక్సీ చూసిన రోజు కూడా అలాగే అయింది.

‘పుష్పవతి’ మెత్తగా ఉంటుంది నిజమే. కానీ పువ్వు పూసిందంటే తర్వాత కాయ అన్న ఆలోచన ఆ పోలికలోనే ఉంది. పిల్ల ఇంకా ఏడో తరగతి లెక్కలు చేసుకుంటోంది.

మరి మన ఇళ్లల్లో ఆడవాళ్లు ఏమనేవారు? ‘సమర్తాడింది’, ‘ఈడేరింది’, ‘పెద్దమనిషి అయింది’. ఈ మాటలు వంటింట్లో, పెరట్లో, పేరంటంలో తిరిగేవి. తాటాకు చాప వేసి కూర్చోబెట్టడం, నువ్వులూ బెల్లం దంచి చిమ్మిలి పెట్టడం, కొబ్బరి ముక్క చేతిలో పెట్టడం, హారతి పాట, చివరి రోజు తలస్నానం, మేనమామ తెచ్చిన కొత్త బట్టలు. చాలావరకు ఆడవాళ్ల మధ్యే జరిగిపోయేది. అందులోనూ మంచి అంతా ఉందని నేననను. విడిగా కూర్చోబెట్టి, పళ్లెం, గ్లాసు వేరు చేసి, ముట్టుకోకుండా ఉంచడం నాకూ జరిగింది, నాకు ఇష్టం లేదు. కానీ మా అమ్మ ఆ మాటను వీధి గుమ్మం దాటనివ్వలేదు. ఇప్పుడు అదే మాటను మనం బస్టాండుకు తెచ్చాం.

‘పెద్దమనిషి’ అన్న మాట గురించి ఒకటి చెప్పాలి. మగవాడి విషయంలో పెద్దమనిషి అంటే ఊళ్లో తగువు తీర్చేవాడు, నలుగురూ మాట వినేవాడు. 1956లో ఆంధ్ర, తెలంగాణ నాయకులు కూర్చుని రాసుకున్న దాన్ని పెద్దమనుషుల ఒప్పందం అన్నాం. అదే మాట ఆడపిల్లకు వాడిన రోజు నుంచి ఏం జరుగుతుంది? గట్టిగా నవ్వకు, సైకిల్ ఎక్కకు, పక్కింటి అబ్బాయితో మాట్లాడకు. పెద్దమనిషి అన్నామంటే ఆ పిల్ల మాటకు కూడా ఇంట్లో విలువ పెరగాలి కదా.

ఇంకొకటి. మగపిల్లలకు పంచెల ఫంక్షన్ చేస్తాం. కార్డు మీద ‘పంచెకట్టు మహోత్సవం’ అని వేస్తాం. అబ్బాయి ఒంట్లో ఏ మార్పు వచ్చిందో ఏ కార్డూ చెప్పదు. బట్ట పేరు చెప్పి వదిలేస్తాం. ఆ మర్యాద అమ్మాయికి కూడా ఇవ్వమని అడుగుతున్నాను, అంతే. మాట కోసం వెతుక్కోవాల్సిన పని కూడా లేదు. ‘ఓణీల వేడుక’ మన దగ్గరే ఉంది. ‘నూతన వస్త్రాలంకరణ’ అని కొన్ని కార్డుల్లో ఇప్పటికే వేస్తున్నారు. అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్లు కూడా దీన్ని హాఫ్ శారీ అనే పిలుస్తున్నారు, అదీ బట్ట పేరే.

కార్డు మీద పిల్ల పేరు ముందు ‘చి.ల.సౌ.’ వేస్తున్నవాళ్లూ ఉన్నారు. చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి అని దాని విస్తరణ. సౌభాగ్యవతి అంటే పసుపు కుంకుమలతో, భర్తతో ఉన్న స్త్రీ. పెళ్లికూతురికి వేసే మాటను ఏడో తరగతి పిల్లకు ఎందుకు? తమ్ముడికి వేసినట్టే ‘చి.’ వేస్తే చాలు.

2. ఇక ఆ పిల్లకు ఏమైందో చెబుతాను. ఫంక్షన్ అయిన తర్వాత పంతొమ్మిది రోజులు బడికి రాలేదు. మగపిల్లలు ఏం మాట్లాడుకున్నారో ఇక్కడ రాయను. ఆ మాట అర్థం ఏమిటని ఒకడు నన్నే తరగతిలో లేచి అడిగాడు, మిగతావాళ్లు తల దించుకుని నవ్వారు. వాడిని కొట్టలేదు, తిట్టలేదు. అర్థం చెప్పాను. ఫ్లెక్సీ మీద వేసిన మాటకు అర్థం అడిగితే వాడి తప్పేముంది? ఇంటికి వెళ్లి పిల్లను అడిగితే, ‘బస్టాప్ దగ్గర నన్ను నేనే చూసుకుంటూ దిగాలి టీచర్’ అంది. బస్సు వేరే స్టాపులో దిగి కిలోమీటరున్నర నడిచి రావడానికి అమ్మ ఒప్పుకుంది. వేసవి సెలవుల దాకా అలాగే వచ్చింది.

మొదటిసారి నెలసరి వచ్చిన పిల్లకు కావలసింది ఏమిటో తల్లులకు తెలుసు. కడుపునొప్పికి వేడినీళ్లు, పాడ్ ఎలా పెట్టుకోవాలో చెప్పే ఒక మనిషి, బళ్లో నీళ్లున్న మరుగుదొడ్డి. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో ‘స్వేచ్ఛ’ పేరుతో ప్రభుత్వ బడి పిల్లలకు నాప్కిన్లు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు మా పిల్లలు కాగితంలో చుట్టుకుని, పుస్తకాల మధ్య దాచుకుని పట్టుకెళ్లేవారు. ఒక పాకెట్ ఎవరికీ కనపడకూడదని అంత టెన్షన్ పడే పిల్లను, అదే విషయం మీద నిలువెత్తు బొమ్మ చేసి నిలబెడుతున్నాం.

3. మూడోది పెళ్లి సంగతి. ఇది కొంచెం బరువైన విషయం.

పాత శ్లోకం ఒకటుంది. ఎనిమిదేళ్ల పిల్ల గౌరి, తొమ్మిదేళ్లకు రోహిణి, పదేళ్లకు కన్య, ఆపైన రజస్వల. అది పెళ్లి వయసు లెక్క. ఆ లెక్కతో ఎందరు పసిపిల్లలు నాశనమయ్యారో మన గోదావరి ఒడ్డుకు బాగా తెలుసు. 1874లో వివేకవర్ధని పత్రిక పెట్టి, అచ్చు అక్షరాన్ని బాల్యవివాహాల మీదకు ఎక్కుపెట్టిన కందుకూరి వీరేశలింగం గారిది రాజమహేంద్రవరమే. 1881 డిసెంబరు 11న ఆయన అక్కడ మొదటి వితంతు వివాహం జరిపించారు. చట్టం ఆ తర్వాత మెల్లగా కదిలింది. 1929లో వచ్చిన శారదా చట్టం ఆడపిల్ల పెళ్లి వయసు 14 అంది. 1978లో 18 చేశారు. 2006లో బాల్యవివాహాల నిషేధ చట్టం వచ్చింది. చట్టం ఇంత దూరం వచ్చింది, మన కార్డు మీద మాట మాత్రం ఆ శ్లోకం దగ్గరే ఆగిపోయింది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20-24 ఏళ్ల స్త్రీలలో 18 నిండకుండానే పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. దేశం మొత్తం మీద 23.3. అంటే మా రాష్ట్రంలో పదిమందిలో దాదాపు ముగ్గురు. దీనికంతటికీ ఫ్లెక్సీలే కారణమని నేననను. పేదరికం ఉంది, పై చదువుకు కాలేజీ దూరం ఉంది, దారిలో ఏమవుతుందోనన్న భయం ఉంది. కానీ ఒక ఇంట్లో పెళ్లీడు పిల్ల ఉందని ఊరంతటికీ చాటింపు వేశాక, పెళ్లిళ్ల పేరయ్యకు వేరే కబురు అక్కర్లేదు. పోయిన మూడేళ్లలో మా బడిలో తొమ్మిది, పది తరగతుల్లోంచి ఇద్దరు పిల్లలు సంబంధం కుదిరి మానేయబోతే, అంగన్‌వాడీ టీచరు, నేను, పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేసి ఆపాం. ఒక ఇంట్లో తల్లి నాతో అన్న మాట ఇది, ‘ఫంక్షన్లోనే అడిగారండి, అప్పుడే మాట ఇచ్చేశాం.’

4. డబ్బు గురించి తక్కువే చెబుతాను, ఎందుకంటే ఇది అందరికీ తెలుసు. ఒక ఆటో డ్రైవర్ కూతురి ఓణీలకు రెండు లక్షలు అప్పు తెచ్చాడు, నూటికి రెండు రూపాయల వడ్డీ. నెలకు నాలుగు వేలు వడ్డీయే. ఎందుకు చేశావయ్యా అంటే, ‘ఇన్నాళ్లూ అందరి ఫంక్షన్లకూ చదివింపులు రాయించాను, నాది ఎప్పుడు తిరిగి వస్తుంది టీచర్’ అన్నాడు. అతని బాధ నాకు అర్థమైంది. చదివింపుల పుస్తకం తిరగకపోతే అతను మునుగుతాడు. కానీ ఆ లెక్క పిల్ల ఒంటి మీద తేల్చుకోవడం ఎంత అన్యాయమో అతనికి కూడా ఆలోచన వచ్చినట్టు లేదు. గృహప్రవేశానికో, అమ్మాయి పది పాసైనప్పుడో పిలిచినా చదివింపులు వస్తాయి.

5. ‘ఇది మన సంప్రదాయం, మీకెందుకు’ అంటారు. వేడుక మానేయమని నేను అడగడం లేదు. పిల్లకు కొత్త ఓణీ కడితే సంతోషమే. మేనమామ వస్తే సంతోషమే. చిమ్మిలి ఒంటికి మంచిదే. పిల్ల సంతోషపడితే ఫొటోలు తీసుకోండి, భోజనాలు పెట్టండి. ఫ్లెక్సీ మాత్రం మన అమ్మమ్మల కాలంలో లేదు. వీధిలో పద్నాలుగు మంది మగవాళ్ల మధ్య పిల్ల బొమ్మ పెట్టమని ఏ అమ్మమ్మా చెప్పలేదు.

‘పేరు మారిస్తే ఏమొస్తుంది, ఓణీలంటే ఏమిటో అందరికీ తెలుసుగా’ అని కూడా అంటారు. తెలుస్తుంది. తెలిసినదాన్ని ముఖం మీద అనకుండా ఉండటాన్నే మన భాషలో మర్యాద అంటారు. చనిపోయినవాళ్ల గురించి ‘కాలం చేశారు’ అంటాం. దీపం ఆర్పడాన్ని ‘కొండెక్కించడం’ అంటాం. ఇంత జాగ్రత్తగా మాటలు ఏరుకునే జాతి, కన్నకూతురి దగ్గరికి వచ్చేసరికి ఆ జాగ్రత్త ఎందుకు వదిలేసింది?

ఇప్పుడు నేను అడిగేవి.

ప్రెస్, ఫ్లెక్సీ షాపుల వారిని:

1. మీ కంప్యూటర్‌లో ఈ వేడుకకు ఉన్న మేటర్ ఫైళ్లు, టెంప్లేట్లు తెరిచి ‘రజస్వల’, ‘పుష్పవతి’ తీసేయండి. వాటి చోట ‘ఓణీల వేడుక’ పెట్టండి. ఆర్డర్ ఇచ్చేవాళ్లకు చూపించే మొదటి శాంపిల్ ఏది ఉంటే నూటికి తొంభైమంది అదే ఖాయం చేస్తారు. ఈ మాట నాకు చెప్పింది ఇలాంటి షాపే నడిపే నా పాత విద్యార్థి. ఆరు నెలల కింద అతను మార్చాడు. ఇద్దరే పాత మాట కావాలని పట్టుబట్టారట. మిగతావాళ్లు గమనించను కూడా లేదు.

2. పద్దెనిమిది నిండని పిల్ల ఫొటోతో వీధిలో కట్టే ఫ్లెక్సీకి ఆర్డర్ తీసుకోకండి. హాలు లోపల, వేదిక వెనక కట్టుకునేది వేరు, దానికి అభ్యంతరం లేదు. మీకు ఒక ఆర్డర్ పోతుంది, నాకు తెలుసు. అందుకే ఊళ్లోని షాపులన్నీ కలిసి ఒక మాట మీద ఉండాలని అడుగుతున్నాను. ఒక్కరే మానేస్తే పక్క షాపుకు పోతారు.

3. కార్డు మీద కూడా పిల్ల బడి పేరు, తరగతి, వయసు వేయకండి.

మున్సిపల్, పంచాయతీ అధికారులను:

4. అనుమతి లేని ఫ్లెక్సీలు తీసే అధికారం మీకుంది. నాయకుల పోస్టర్లు ఎన్నికల కోడ్ రాగానే ఒక్క రాత్రిలో తీసేస్తారు, మేం చూశాం. చిన్నపిల్ల ఫొటో ఉన్న ఫ్లెక్సీ మీద ఫిర్యాదు వస్తే అదే రోజు తీయించండి. అనుమతి ఇచ్చే కాగితంలోనే, మైనర్ల ఫొటోలు ఉండకూడదని ఒక వాక్యం చేర్చండి.

5. అర్జీ పరిష్కారం అయిందని మెసేజ్ పంపేముందు ఒక మనిషి వెళ్లి చూడాలి. అర్జీ ఇచ్చినవాళ్లకు ఒక ఫోన్ చేయాలి. ఆ మెసేజ్ వచ్చాక ఇంక ఎవరి దగ్గరికి వెళ్లాలో సామాన్యులకు తెలియదు. నేను చదువుకున్నదాన్ని, నాకే తెలియలేదు.

విద్యాశాఖను:

6. ఆరో తరగతిలోనే ఆడపిల్లలకు, మగపిల్లలకు కలిపి ఈ విషయం మీద ఒక పాఠం చెప్పించండి. ఆడపిల్లలను వేరే గదిలోకి పిలిచి గుసగుసగా చెబితే, బయట నిలబడ్డ మగపిల్లలకు అది వేళాకోళం అవుతుంది. ఫంక్షన్ పేరుతో వారం దాటి బడికి రాని పిల్ల ఇంటికి క్లాస్ టీచర్ వెళ్లేలా ఆదేశం ఇవ్వండి. మరుగుదొడ్లలో నీళ్లు రావాలని మళ్లీ రాస్తున్నాను, ఎన్నోసారో గుర్తులేదు.

అమ్మానాన్నలను:

7. పిల్లను అడగండి. ‘ఫంక్షన్ చేయమంటావా, ఎవరిని పిలవమంటావు, నీ ఫొటో వేయమంటావా?’ ఈ మూడు ప్రశ్నలు చాలు. వద్దంటే మానేయండి. కావాలంటే పరీక్షలు అయ్యాక, సెలవుల్లో చేయండి. ఆ రోజు మేనమామలతో పాటు వాళ్ల హెడ్మాస్టరుని, స్నేహితులను పిలవండి. పెళ్లి మాట ఎవరు ఎత్తినా డిగ్రీ అయ్యాక చూద్దామని పిల్ల వింటుండగా చెప్పండి.

అందరినీ కలిపి ఒకటి అడుగుతున్నాను:

8. ఆడపిల్లను నలుగురిలోకి గౌరవంగా పిలవాలంటే దానికి తగిన రోజు ఒకటి ఉంది. పద్దెనిమిది నిండిన రోజు. జపాన్‌లో జనవరి రెండో సోమవారం ఊరి కార్యాలయాలే కొత్తగా పెద్దవాళ్లైన యువతీ యువకులను పిలిచి వేడుక చేస్తాయి. అమ్మాయిలు పొడుగు చేతుల కిమోనోలు కట్టుకుని వస్తారు. ఇంగ్లండ్‌లో పెద్దింటి అమ్మాయిలను రాణిగారి ముందుకు తీసుకువెళ్లే ఆచారం ఉండేది. 1958లో మానేశారు. అదీ చాలావరకు పెళ్లి సంబంధాల కోసమే. అయినా ఆ అమ్మాయిలను పిలిచిన డెబ్యుటాంట్ అన్న ఫ్రెంచి మాటకు ‘ఇప్పుడే మొదలుపెడుతున్న అమ్మాయి’ అనే అర్థం. మనకు జనవరి 25 ఉంది, జాతీయ ఓటర్ల దినోత్సవం. 2011 నుంచి ఆ రోజు కొత్త ఓటర్లకు కార్డులు ఇస్తున్నారు. మా ఊళ్లో అది ఆఫీసులో అరగంట ప్రతిజ్ఞతో అయిపోతుంది. దాన్ని ఫంక్షన్ హాల్లో చేయండి. అమ్మాయిలు ఓణీలు, చీరలు కట్టుకుని రానివ్వండి, అబ్బాయిలు పంచెలు కట్టుకుని రానివ్వండి. మేనమామలను పిలవండి, చదివింపులు రాయించుకోండి. పేరు పిలిచి కార్డు చేతికివ్వండి. అప్పుడు ఫ్లెక్సీ కూడా కట్టండి, ఆ పిల్ల ఒప్పుకుంటే. దాని మీద ‘ఓటరు’ అని వేయండి.

ఈ లేఖ ప్రతి మా ఊళ్లోని అన్ని షాపులకూ ఇస్తున్నాను. మేటర్ రాయడంలో సాయం కావాలంటే బడి వదిలాక నేనే వచ్చి కూర్చుంటాను, ప్రూఫ్ కూడా దిద్దిపెడతాను, డబ్బులు వద్దు. అధికారులకు వచ్చే సోమవారం గ్రీవెన్స్‌లో ఇస్తాను, పాత రశీదులు రెండూ జత చేసి. ఆ పిల్ల ఇప్పుడు ఎనిమిదో తరగతి. మళ్లీ బడి దగ్గరి స్టాపులోనే దిగుతోంది.

ఇట్లు,
ఒక తెలుగు టీచరు
ప్రభుత్వ ఉన్నత పాఠశాల